కోరిక లేనివారికే ప్రవేశం

బొబ్బిలికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక హైస్కూలుకి హెడ్మాస్టరైన గవర్రాజు గారు ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో కుటుంబాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ప్రతి వేసవిలోనూ పరీక్ష పేపర్లో, జనాభా లెక్కలో, ఓటర్ల జాబితానో అడ్డొచ్చేవి. ఈ ఏడు ఏవీ అడ్డు రాలేదు. వంక దొరక్కపోయేసరికి ఆయనకే కొంచెం బెంగగా అనిపించింది. భార్య సత్యవేణి ఆ బెంగ కనిపెట్టి, అది ముదరకముందే చింతలరేవు సముద్రం ఒడ్డున నాలుగు రోజులకి గది మాట్లాడేసింది. గవర్రాజు గారు, సత్యవేణి, డిగ్రీ చదువుతున్న కూతురు హిమజ, గవర్రాజు గారి తల్లి పైడితల్లమ్మ బయల్దేరారు.

చింతలరేవులో ఉన్నది రాష్ట్ర వినోద విహార మండలి వారి కేంద్రం. గేటు దాటగానే పెద్ద బోర్డు కనిపించింది. "ప్రతిరోజూ సాయంత్రం నాలుగు గంటలకు కుటుంబ క్యాబరే. మిస్ డైసీ మరియు బృందం" అని రాసి, పక్కన ఈకల టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి బొమ్మ వేశారు. బొమ్మలోని అమ్మాయికి మెడ నుంచి పాదాల వరకు తెల్లరంగు పూసి ఉంది. మండలి పై అధికారి ఒకాయన విదేశాలకు అధ్యయన యాత్ర వెళ్ళి, అక్కడ తాతలూ మనవలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని క్యాబరే చూడటం కళ్ళారా చూసి, మన కుటుంబాలు మాత్రం ఏం పాపం చేశాయని ఈ కార్యక్రమం పెట్టించాడు. చీకట్లో జరిగేది అనుమానాలకు తావిస్తుందని పట్టపగలు పెట్టించాడు. హాలు కిటికీలన్నీ తెరిచే ఉంచాలని విడిగా ఉత్తర్వు ఇచ్చాడు.

బోర్డు నలుగురూ చూశారు. గవర్రాజు గారు సూట్‌కేసు కింద పెట్టి, చెయ్యి నొప్పి పుట్టినట్టు కాసేపు అక్కడే నిలబడ్డారు. నిజం చెప్పాలంటే ఆయనకు చూడాలని ఉంది. కానీ స్కూలు వార్షికోత్సవంలో సినిమా పాటలు నిషేధించింది ఆయనే. పోయినేడు కోలాటంలో ఒక చోట నడుం కదులుతోందని ఆ ముక్క కోయించిందీ ఆయనే. అందుకని భార్య మొహం వంక చూశారు. సత్యవేణికీ చూడాలనే ఉంది. ఆవిడ అత్తగారి మొహం చూసింది. హిమజ అందరి మొహాలూ చూసి, ముందు బీచికి వెళ్దామా అంది.

పైడితల్లమ్మ కళ్ళజోడు సంచిలో ఉండిపోయింది.

"ఆ బోర్డు మీద ఏటుందమ్మీ?" అని మనవరాలిని అడిగింది.

హిమజ చదివి వినిపించింది.

"అయితే సూసొద్దుం" అంది పైడితల్లమ్మ.

అలాంటివి మనకెందుకమ్మా అని గవర్రాజు గారు తల్లికి నచ్చజెబుతూ రిసెప్షన్ దగ్గరికి నడిచారు. తాళం అడిగితే, అక్కడున్న గుమాస్తా తాళంతోపాటు ఫారాల కట్ట ముందు పెట్టాడు. తాము క్యాబరే చూడబోవడం లేదని గవర్రాజు గారు చెప్పారు. చూడాలా వద్దా అన్నది అలా అనుకుంటే సరిపోదనీ, నిర్ణయ పత్రం పుచ్చుకోవాలనీ, అది లేకుండా నాలుగో రోజున గది ఖాళీ చెయ్యడానికి వీలుండదనీ గుమాస్తా వినయంగా చెప్పాడు. మిగతా వివరాలకు, ఎవరు ఏది చూడదగునో తేల్చే సముచితత్వాధికారిని కలవమన్నాడు.

సముచితత్వాధికారి పేరు భుజంగరావు. ఏడాదిలో రిటైరు కావలసిన మనిషి. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని ఉంటాడు. గవర్రాజు గారి కుటుంబాన్ని వరసగా కూర్చోబెట్టి నిబంధన వివరించాడు. క్యాబరే మొదలుపెట్టిన పది రోజులకే సంస్కృతి మీద గౌరవం ఉన్న పెద్దలు అభ్యంతరం తెలిపారు. ఆపేద్దామంటే పై అధికారి అధ్యయన యాత్ర వృథా అయిపోతుంది. మూడు సమావేశాల తర్వాత మండలి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. ప్రదర్శన ఉంటుంది, కానీ చూడాలన్న కోరిక ఉన్నవాళ్ళు దానికి అనర్హులు.

గవర్రాజు గారు అర్థం కానట్టు చూశారు.

"చూడాలనే కోరికతో చూసినచో అది క్యాబరే" అన్నాడు భుజంగరావు. "కోరిక లేకుండా చూసినచో అది సంస్కృతి. సదరు వ్యత్యాసమును కాపాడుటకే ఈ శాఖ ఏర్పడినది."

అయితే తమకు కోరిక లేదనీ, కాబట్టి చూడమనీ గవర్రాజు గారు చెప్పారు. భుజంగరావు మొహం వికసించింది. కోరిక లేదంటున్నారు కనుక మీరు పూర్తిగా అర్హులు, తప్పక చూడవలసి ఉంటుందన్నాడు. సత్యవేణి తెలివిగా అడ్డుపడి, పోనీ కోరిక ఉన్నట్టే రాసుకుని తమను వదిలెయ్యమంది. కోరిక ఉన్నవారిని అలా వదిలేస్తే మండలికి చెడ్డపేరనీ, వారికి వైరాగ్య శిక్షణ ఇచ్చి, కోరిక పోయాక చూపిస్తామనీ చెప్పాడు. దారి ఎటు తిరిగినా హాల్లోకే వెళ్తోందని గవర్రాజు గారికి తెలిసింది. లోలోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. రూలే చూడమంటుంటే ఇక తన తప్పేముంది. మొహం వీలైనంత గంభీరంగా పెట్టి, కోరిక లేదని సంతకం చేశారు. సత్యవేణి చేసింది, హిమజ చేసింది.

పైడితల్లమ్మ కాగితం తోసేసింది.

"నాను సూస్తానని రాసుకో బాబూ" అంది. "మా ఇంటాయన జూటుమిల్లు పన్లో ఉండగా, మిషన్ల పని నేర్సుకోడానికి కలకత్తా ఎల్లాడు. ఆడ క్యాబరే సూసొచ్చాడు. ఏటుంటాది అని అడిగితే ఆడోళ్ళకి సెప్పేది కాదన్నాడు. నలబై ఏళ్ళు అడిగాను. సెప్పకుండానే పోయాడు. ఇంక అడగడానికి మనిసి లేడు. నానే సూసుకోవాల."

గవర్రాజు గారికి ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. తండ్రి ఏం చూసి ఉంటాడా అని ఆయన తల దించుకుని ఆలోచనలో పడ్డారు. భుజంగరావు ఆవిడ చెప్పిందంతా పొల్లుపోకుండా రాసుకున్నాడు. తర్వాత, తన సర్వీసులో ఇంత స్పష్టమైన కోరిక ఎదురుకాలేదనీ, ఈ వయసులో శిక్షణతో పోయే రకం కాదనీ తేల్చాడు. పైడితల్లమ్మను ప్రదర్శన నిమిత్తం కుటుంబం నుంచి తాత్కాలికంగా మినహాయిస్తూ, హాలుకు వంద గజాల లోపలికి రాకూడదని ఉత్తర్వు రాసి చేతికిచ్చాడు. వంద గజాల అవతల ఉన్నది సముద్రమే. ఆవిడ గొడుగూ, మరమరాల పొట్లమూ పట్టుకుని అటు వెళ్ళిపోయింది.

మిగిలిన ముగ్గురికీ మర్నాడు నిరాసక్తత పరీక్ష. సంతకం ఎవరైనా పెడతారు, శరీరం ఏమంటుందన్నది ముఖ్యమని భుజంగరావు చెప్పాడు. వరండాలో నలభై కుటుంబాలు వరసలో నిలబడి ఉన్నాయి. సముద్రం గాలికి ఫారాలు ఎగిరిపోతుంటే పిల్లలు పరిగెత్తి తెస్తున్నారు. ఆ నాలుగు రోజుల్లో పిల్లలకు దొరికిన ఆట అదొక్కటే.

పరీక్ష గదిలో ఒక నర్సు గవర్రాజు గారిని చెప్పులు విప్పించి కుర్చీలో కూర్చోబెట్టింది. వేలికి క్లిప్పు తగిలించి, టేప్ రికార్డరు నొక్కింది. ముందు డ్రమ్ము, ఆ వెనక బాకా, ఆ వెనక గజ్జెల్లాంటిదేదో మోగాయి. గవర్రాజు గారు ఆల్జీబ్రాలో కష్టమైన లెక్కొకటి తలచుకుని బిగుసుకుని కూర్చున్నారు. ఆరు నిమిషాల తర్వాత పాట ఆగింది. భుజంగరావు కళ్ళజోడు సవరించుకుని ఫలితాలు చదివాడు. సత్యవేణి, కనురెప్ప వేయుట ఆలస్యం, రెండు సార్లు. హిమజ, తల ఊపుట, పాక్షికం. గవర్రాజు, ఎడమకాలి బొటనవేలు, పదకొండు కదలికలు.

ఆయన సిగ్గుతో చితికిపోయారు. అది నరాల బలహీనత కావచ్చని అన్నారు.

"తాళం తప్పి ఉన్నచో రోగముగా పరిగణించేవాళ్ళం" అన్నాడు భుజంగరావు. "పదకొండు సార్లలో ఒక్కసారి కూడా తప్పలేదు మేష్టారూ. ఇది కోరికే."

నలభై కుటుంబాల్లో ముప్పై తొమ్మిది తప్పాయి. నెగ్గిన కుటుంబం పెద్దాయనతో సహా సంగీతం మొదలవకముందే నిద్రపోయింది.

ఆ రాత్రి గదిలో భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోలేదు. బొటనవేలి సంగతి సత్యవేణి ఎత్తలేదు, ఆవిడ కనురెప్పల సంగతి ఆయనా ఎత్తలేదు. అమ్మ ఏం చేస్తోందని మాత్రం అడిగారు. రోజంతా అలల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నాలుగు గవ్వలు ఏరుకుని, జాలర్ల దగ్గర నెత్తళ్ళ చేపల వేపుడు తిని వచ్చి హాయిగా పడుకుందని హిమజ చెప్పింది. కుటుంబంలో సముద్రం చూసింది ఆవిడొక్కర్తే.

మూడో రోజు వైరాగ్య శిక్షణ. హాల్లో కుర్చీలన్నీ గోడకు ఎదురుగా తిప్పి వేశారు. కనపడేది సున్నం తప్ప మరేం లేదు. భుజంగరావు ఫైలు తెరిచి, క్యాబరే నృత్యాన్ని ఆఫీసు భాషలో చదవడం మొదలుపెట్టాడు.

"సదరు కళాకారిణి తన కుడి భుజమును సుమారు పదిహేను డిగ్రీల మేరకు పైకి లేపి, తదుపరి యథాస్థానమునకు చేర్చును. ఇట్టి చర్య నాలుగు పర్యాయములు జరుగును. ఆ పిమ్మట ఎడమ భుజము విషయమై పై విధముగానే చర్య తీసుకొనబడును."

మొదటి అరగంటలో వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గంటకు నవ్వు పోయింది. రెండో గంటకు నడుము దాకా వచ్చాడు. "నడుము విషయము ప్రస్తుతము పరిశీలనలో ఉన్నందున తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు" అంటూ మోకాళ్ళకు దాటేశాడు. మూడో గంటకు గవర్రాజు గారికి డిగ్రీలన్న మాట మీద కూడా విరక్తి పుట్టింది. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి అది చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం మళ్ళీ పరీక్ష పెట్టారు. అదే డ్రమ్ము, అదే బాకా. బొటనవేలు రాయిలా ఉంది. సత్యవేణి కనురెప్పలు గడియారం ముల్లులా పడ్డాయి. హిమజ తల కదలలేదు. ముగ్గురికీ నూటికి నూరు మార్కులు వచ్చాయి. అర్హత పత్రం మీద గుండ్రటి ముద్ర వేసి ఇచ్చారు. గవర్రాజు గారు అది మడిచి జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్ళారు. ఆ పూట వంజరం చేప పులుసు. ఆయనకు ప్రాణమైన చేప. సగం తిన్నాక హిమజ రుచి ఎలా ఉందని అడిగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఏం తింటున్నారో అప్పటిదాకా చూసుకోలేదు. పక్కన సత్యవేణి కిటికీలోంచి సముద్రం వైపే చూస్తోంది కానీ, గోడను చూసినట్టే చూస్తోంది. ఆయనకు భయం వేసింది. శిక్షణ కావలసినదానికన్నా బాగా పనిచేసిందేమోనని అనుమానం వచ్చింది.

ఆ సాయంత్రమే మండలిలో కొత్త సందేహం పుట్టింది. ప్రేక్షకులకు కోరిక లేకపోయినా, ఆడేవాళ్ళకు ఉంటే అది కిందికి పాకదా అని ఎవరో అడిగారు. వెంటనే మిస్ డైసీని, ఆమెతో వచ్చిన ఐదుగురు అమ్మాయిలను, డ్రమ్ము వాయించే ముసలాయనను పిలిచి పరీక్ష పెట్టారు. మిస్ డైసీ అసలు పేరు వరహాలు. సబ్బవరం దగ్గర మనిషి. డాన్సు చెయ్యాలన్న కోరిక ఉందా అని భుజంగరావు అడిగితే, ఆమె ఆయన వంక వింతగా చూసింది.

"ఉండబట్టే కదండీ పదేళ్ళ నుంచీ చేస్తన్నాను. లేకపోతే మా అన్నయ్యలాగ బట్టల కొట్లో కూకుందును."

బృందం మొత్తాన్ని అనర్హులుగా ప్రకటించి, వంద గజాల ఉత్తర్వు వాళ్ళకూ ఇచ్చారు. మరి రేపు ఆడేదెవరన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబు నిబంధనల్లోనే ఉందని భుజంగరావు చూపించాడు. ఉద్యోగికి విధి నిర్వహణలో వ్యక్తిగత కోరికలు ఉండరాదు. కాబట్టి ఏ ఉద్యోగైనా ఆడవచ్చు. పరీక్ష పెడితే ఆఫీసు మొత్తం నెగ్గింది. అందరికన్నా ఎక్కువ మార్కులు భుజంగరావుకే వచ్చాయి. సీనియారిటీ కూడా ఆయనదే కావడంతో ప్రధాన నర్తకి స్థానం ఆయనకు దక్కింది.

నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి హాలు నిండిపోయింది. అర్హత పత్రాలు తలుపు దగ్గర చూపించి కుటుంబాలన్నీ కూర్చున్నాయి. చప్పట్లు కొడితే కోరికగా భావించబడుతుందని గోడల మీద కాగితాలు అంటించారు. తెర లేచింది. పొడుగు చేతుల చొక్కా మీద నెమలి ఈకలు కట్టుకుని, మెడలో కార్డుతో భుజంగరావు నిలబడ్డాడు. ఆయన వెనక స్టోర్ కీపరు, జీపు డ్రైవరు, టైపిస్టు, ఇద్దరు తోటమాలులు ఒకే వరసలో ఉన్నారు. పక్కన నిలబడి గుమాస్తా ఫైలు చదువుతుంటే, దాని ప్రకారం అందరూ భుజాలు లేపుతున్నారు. పదిహేను డిగ్రీలు సరిగ్గా వచ్చాయో లేదో హైస్కూల్లో వాడే కోణమానినితో ఇంకో తోటమాలి కొలుస్తున్నాడు. ఎవరి మొహంలోనూ ఏ భావమూ లేదు. ప్రేక్షకుల మొహాల్లోనూ లేదు. మండలి ఆశయం ఇంత సంపూర్ణంగా నెరవేరిన రోజు మరొకటి లేదు.

నడుము దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా ఆగాడు. తదుపరి ఉత్తర్వులు ఇంకా రాలేదు. అందరూ చేతులు నడుం మీద పెట్టుకుని ఎదురుచూస్తూ నిలబడిపోయారు. ఆ నిశ్శబ్దంలో తెరిచిన కిటికీలోంచి డ్రమ్ము వినబడింది. టేప్ రికార్డరు కాదు, మనిషి వాయించేది. దాని వెంట ఆడవాళ్ళ నవ్వులు వచ్చాయి. ఆ నవ్వుల్లో ఒక గొంతు గవర్రాజు గారికి తెలుసు. కానీ అమ్మ అలా నవ్వడం ఆయన తన యాభై నాలుగేళ్ళలో వినలేదు. తండ్రి ఉన్నప్పుడూ వినలేదు, పోయాకా వినలేదు.

ఆయన లేచి నిలబడ్డారు.

కుర్చీ చప్పుడుకు హాలంతా తిరిగి చూసింది. భుజంగరావు నడుం మీంచి చెయ్యి తియ్యకుండానే ఎక్కడికని అడిగాడు. బాత్‌రూముకని చెప్పవచ్చు, దానికి నిబంధనల్లో వీలుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. వార్షికోత్సవాలు, కోలాటం, బడిలో ఆయన్ని చూడగానే గోడ పక్కకు తప్పుకునే పిల్లలు, అన్నీ కళ్ళముందు కదిలాయి.

"డాన్సు చూడాలని ఉందండీ" అన్నారు.

పక్కన సత్యవేణి కూడా లేచింది. తనకూ ఉందంది, మొదటి రోజు బోర్డు చూసినప్పటి నుంచే ఉందంది. గవర్రాజు గారు భార్య వంక చూశారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో తనకు చూడాలనిపించిందేదీ ఆవిడకు చెప్పలేదని ఆ క్షణాన ఆయనకు అర్థమైంది. ఆవిడకు ఏం చూడాలని ఉందో అడగనూ లేదు. హిమజ అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. ముందు రెండు వరసలు లేచాయి, ఆ వెనక హాలంతా లేచింది. వేదిక మీద జీపు డ్రైవరు ఈకలు విప్పుకోకుండానే కిటికీలోంచి దూకేశాడు.

సముద్రం ఒడ్డున తడి ఇసుకలో వరహాలు, ఆమె జట్టు ఆడుతున్నారు. ముసలాయన బోర్లించిన పడవ మీద కూర్చుని డ్రమ్ము వాయిస్తున్నాడు. వాళ్ళ పాదాల కింద అలలు చెదిరిపోతున్నాయి. ఒకమ్మాయి టోపీని గాలి ఎత్తుకుపోతే, జాలరొకడు వలతో పట్టి ఇచ్చాడు. గవర్రాజు గారు నోరు తెరుచుకుని చూశారు. ఆ టోపీ పిల్ల గాలిలోకి ఎగిరి దిగేటప్పుడు ఆయన గుండె కూడా ఎగిరి దిగింది. సిగ్గుపడవలసినదేదో కనిపిస్తుందని ఆయన మనసు ఇంకా వెతుకుతూనే ఉంది. కానీ కనిపించినదంతా ఒళ్ళు తేలికైపోయేంత సంతోషమే. జనం గుంపులుగా వచ్చి ఇసుకలో కూలబడ్డారు. చప్పట్లు మొదలై ఆగలేదు. సత్యవేణి భర్త భుజం పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి చూసింది.

గవర్రాజు గారు జనాన్ని దాటుకుని ముందు వరసలోకి వెళ్ళి తల్లి పక్కన నిలబడ్డారు. ఏదో చెప్పాలని వంగారు.

"పక్కకి జరుగు బాబూ, నాకు కనపడ్డం లేదు" అంది పైడితల్లమ్మ.

ఆయన జరిగి కూర్చున్నారు.

కాసేపటికి భుజంగరావు రిజిస్టరు పట్టుకుని ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చాడు. ఈకలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. కోరిక బయటపెట్టిన వారందరి పేర్లూ, వయసులూ, కోరిక వివరాలూ నమోదు చెయ్యాలన్నాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒక్కొక్కరూ ఆట మీంచి కళ్ళు తిప్పకుండానే పేరు చెప్పారు. గవర్రాజు గారు తన పేరుతోపాటు హోదా కూడా రాయించారు. పైడితల్లమ్మ వంతు వచ్చేసరికి, నిలబడి రాస్తే వెనకాల వాళ్ళకు అడ్డమనీ, కూకుని రాసుకోమనీ ఆవిడ చెప్పింది. ఆయన కూర్చున్నాడు. వరహాలు తిరుగుతూ తిరుగుతూ వచ్చి, ఈకలు తలకిందులుగా కట్టుకున్నారు సార్ అని రెండు చేతులతో తిప్పి కట్టి, మళ్ళీ తిరుగుతూ వెళ్ళిపోయింది. భుజంగరావు కలం అక్కడే ఆగింది.

పొద్దు వాలి డ్రమ్ము ఆగాక, తమ నిర్ణయ పత్రం ఏమైందో కనుక్కుందామని గవర్రాజు గారు రిజిస్టరులోకి తొంగి చూశారు. పేర్లు నూట అరవై రెండు ఉన్నాయి. ఆఖరి పేరు భుజంగరావుది. వయసు యాభై తొమ్మిదని రాసుకున్నాడు. కోరిక వివరాలన్న గడిలో అక్షరాలు కాస్త వంకరపోయినా స్పష్టంగానే ఉన్నాయి.

"రేపు కూడా."